పలుచని పెంకు గ్రుడ్లు

వేసవి ముదిరిన కొలది మన కర్నూలు, నంద్యాల ప్రాంతములలో పెరటికోళ్ల గ్రుడ్ల పెంకు పలుచనగుచుండును. తట్టలో సంతకు చేరకమునుపే కొన్ని చిట్లును. పొదుగబెట్టినవి కోడి బరువునకే పగులును. ఇంటి ఆడువారి చేతిఖర్చు అంతయు ఇందే కలదు గనుక ఇది చిన్న నష్టము కాదు. కొందరు దిష్టి యందురు. మేము సున్నపు లోపమును, ఎండను కారణములుగా తలతుము.

పెంకులో నూటికి 94 పాళ్లు సున్నపురాతి పదార్థమే. ఒక పెంకు ఏర్పడుటకు సుమారు 20 గంటలును, 2 గ్రాముల కాల్షియమును కావలెను. ఈ పని అధికముగా రాత్రివేళ జరుగును. జొన్న, కొఱ్ఱ గింజలలో కాల్షియము మిక్కిలి తక్కువ. కోడి ఎండకు నోరు తెఱచి రొప్పునపుడు నెత్తురులోని బొగ్గుపులుసు వాయువు తఱిగి పెంకు మఱింత పలుచనగును, మేతయు తగ్గును. బేతంచెర్ల సున్నపురాతి బండలు ఎన్ని ఇండ్లకో పఱచుచుండగా మన కోళ్లకు సున్నము చాలకుండుట వింతయే!

గ్రుడ్ల పెంకులను నీట మరగించి, ఎండబెట్టి, నలుగగొట్టి సాయంకాలము వేఱు మూకుడులో నుంచుడు. నత్తగుల్లల పలుకైనను మంచిదే. పెట్ట తనకు కావలసినంత తానే తినును. మేతలో కలుపరాదు, కోడిపిల్లలకు అధిక సున్నము మూత్రపిండములను చెఱచును. గోడలకు వేయు సున్నము నెన్నడును పెట్టరాదు, నోరు కాలును. నీడయు, చల్లని నీరును తప్పనిసరి.

పెంకు రంగు జాతినిబట్టి వచ్చునదే. దాని వలన సత్తువలో భేదము లేదు.

మందలో గ్రుడ్లు ఒక్కసారిగా వంకరగను, తోలువలె మెత్తగను వచ్చుచు, కోళ్లు దగ్గుచున్నచో అది సున్నముతో తీరునది కాదు. కొక్కెర తెగులని అనుమానించి వానిని వేఱుపఱచి, ఆనాడే పశువైద్యునకు తెలుపవలెను.