చిప్ప కార్బన్: ఫ్లోరిన్ ఆవిరి బేరంలో చూడవలసిన అంకెలు

కోనసీమలో కురిడీ తీయగా మిగిలే కొబ్బరి చిప్ప పొయ్యిలోకే కాదు, బొగ్గుగా మారి యాక్టివేటెడ్ కార్బన్ తయారీకీ ముడిసరుకు అవుతున్నది. నీటి శుద్ధి, బంగారం తీత ఈ కార్బన్‌కు పాత గిరాకీలు. గాలిలోని ఫ్లోరిన్ రసాయనాల ఆవిరిని పట్టడం వేరు బేరం. ఇందులో గ్రేడు తప్పితే సరుకు వాపసు రాక తప్పదు.

శీతల యంత్రాల వాయువులు, కొన్ని ద్రావకాలు, ఆపరేషన్ థియేటర్లలో వాడే సెవోఫ్లూరేన్ ఈ కోవలోనివి. వీటిలో అనేకం భూతాపాన్ని పెంచుతాయి. 2016 నాటి కిగాలీ సవరణను భారతదేశం 2021లో ఆమోదించింది. ఆ ప్రకారం హెచ్.ఎఫ్.సి. వాయువుల వినియోగానికి 2028 నుంచి పరిమితి, 2032 నుంచి దశలవారీ కోత ఉంటాయి. ఆవిరిని గాలిలోకి వదలక పట్టుకోవడానికి ఇదొక కారణం.

చిప్ప బొగ్గును సుమారు 900 డిగ్రీల వద్ద నీటి ఆవిరితో కాల్చితే అతి సన్నని రంధ్రాలు ఏర్పడతాయి. ఒక్క గ్రాములో లోపలి వైశాల్యం సుమారు 1,000 చదరపు మీటర్లు. ఆవిరి వచ్చి ఈ రంధ్రాలలో అంటుకుంటుంది.

అయితే అన్ని ఆవిరులూ ఒకే తీరున నిలవవు. 58.5 డిగ్రీలకు మరిగే సెవోఫ్లూరేన్ బాగా నిలుస్తుంది. మైనస్ 26 డిగ్రీలకే మరిగే 134ఎ వాయువు త్వరగా జారిపోతుంది. గాలిలో తేమ 50 శాతం దాటితే నీరే రంధ్రాలను ఆక్రమించసాగుతుంది. కోస్తా కొనుగోలుదారులు ఈ సంగతి మరువరాదు.

అయోడిన్ నంబరు నీటి శుద్ధి సరుకుకు కొలబద్ద. ఆవిరి పనికి అది ఒక్కటే చాలదు. సిటిసి లేదా బ్యూటేన్ అంకె చూడాలి. కార్బన్ టెట్రాక్లోరైడు ఓజోన్ పొరకు హానికరమైనందున బ్యూటేన్ పరీక్ష వాడుకలోకి వచ్చింది. సిటిసి 60 సరుకు బ్యూటేన్ లెక్కలో సుమారు 23.5 చూపుతుంది. అంకె చిన్నదని సరుకును నాసిగా లెక్కించరాదు.

వాడిన కార్బన్‌ను చౌకగా కొనేవారు మరింత జాగ్రత్త పడాలి. ఫ్లోరిన్ పట్టిన సరుకును కొలిమిలో తిరిగి కాల్చితే హైడ్రోజన్ ఫ్లోరైడు పుట్టి కొలిమినే తినివేస్తుంది. ఆ ఆమ్ల వాయువును ఆపడానికి మామూలు కార్బన్ చాలదు. సున్నం వంటి క్షారం కావాలి.

ఆర్డరు రాసుకొనే ముందే ఆవిరి పేరు, గాలిలో తేమ, వేడి అడిగి తెలుసుకొని, బ్యూటేన్ అంకె, మెష్ సైజు, సరుకులో తేమ శాతం కాంట్రాక్టులో చేర్చడం ఉభయులకూ క్షేమం.