గుండ్లు ఎక్కడ పెట్టారు?

ఎవరైనా బెంచ్‌మార్కు చూపిస్తే ఏ మెషీన్ మీద, ఎంత లోడ్‌తో నడిపారని అడగడం మనకు అలవాటే కదా. యుద్ధ ట్యాంకుల దగ్గరకొచ్చేసరికి మాత్రం "అబ్రామ్స్ గెలిచింది, టి-72 ఓడింది" అంటే ఇట్టే ఒప్పేసుకుంటాం.

1991 ఫిబ్రవరి 26న ఇరాక్ ఎడారిలో జరిగిన '73 ఈస్టింగ్' పోరునే తీసుకోండి (అది ఊరి పేరు కాదు, మ్యాపు మీద ఒక నిలువు గీత). ఇసుక తుఫానులో కెప్టెన్ మెక్‌మాస్టర్ దళం 23 నిమిషాల్లో 28 ఇరాకీ ట్యాంకులను ధ్వంసం చేసింది. ఆ దళానికి నష్టమే లేదు. అబ్రామ్స్‌లో వేడిని బట్టి చూపించే థర్మల్ సైట్ ఉంది, ఇరాకీ టి-72లలో లేదు. తమను కొడుతున్నదెవరో వాళ్ళకు సరిగా కనపడనే లేదు. పైగా అవి ఎగుమతి కోసం చేసిన రకం. శిక్షణలో అసలు పోలికే లేదు. దీన్ని ట్యాంకుకీ ట్యాంకుకీ పోటీ అంటే నేనొప్పుకోను.

అయితే యుద్ధం ఏదైనా మారని తేడా ఒకటుంది. టి-72లో గుండు నింపేది యంత్రం. అందుకే సిబ్బంది ముగ్గురే, ట్యాంకు చిన్నది, తేలిక. కానీ ఆ యంత్రంలోని 22 గుండ్లూ, వాటి మందూ సిబ్బంది కాళ్ళ కిందే చక్రంలా పేర్చి ఉంటాయి. మిగతావి లోపల ఖాళీ ఉన్నచోటల్లా సర్దుతారు. నిప్పంటుకుందా, టరెట్ మూతలా ఎగిరిపోతుంది. 2022 నుంచి ఉక్రెయిన్ వీడియోల్లో చూస్తున్నది ఇదే. అబ్రామ్స్‌లో చాలా గుండ్లు టరెట్ వెనక అరలో, ఉక్కు తలుపు అవతల ఉంటాయి. పేలితే పై పలకలు ఊడి, మంట బయటికి పోతుంది. ట్యాంకు పోయినా మనిషి బతకొచ్చు. మన భాషలో ఫాల్ట్ ఐసొలేషన్ అన్నమాట.

జర్మనీవారి లెపర్డ్-2ది మధ్యేమార్గం: 15 గుండ్లు వెనక అరలో, 27 డ్రైవరు పక్కన. 2016 డిసెంబరులో సిరియాలోని అల్-బాబ్ దగ్గర టర్కీ లెపర్డ్‌లు ఐసిస్ చేతిలో దెబ్బతిన్నప్పుడు వాటిలో కొన్నిటి టరెట్లు కూడా ఊడిపడ్డాయి.

మరి అబ్రామ్స్? 2023లో ఉక్రెయిన్‌కు 31 అందాయి. 2024 ఏప్రిల్‌కల్లా డ్రోన్ల దెబ్బకు ముందు వరుస నుంచి వెనక్కి తీయాల్సి వచ్చింది. ఎదుటి ట్యాంకు కోసం ముందువైపు దట్టించిన కవచం, నెత్తిమీద దిగే డ్రోనుకు అడ్డం రాదు.

భారత సైన్యంలో ఎక్కువగా ఉన్నవి టి-72, టి-90లే. టి-90లోనూ కాళ్ళ కింద అదే 22 గుండ్ల చక్రం. అర్జున్‌లో గుండు నింపడానికి నాలుగో మనిషి ఉంటాడు, కానీ అది ఇంకా ఏ యుద్ధమూ చూడలేదు.