ఆకులు రాలినంత మాత్రాన మొక్క చచ్చిపోదు



మన మొగుడంపల్లి హాస్టల్ వదిలాక జహీరాబాద్‌లో అద్దె గదిలో ఉన్న రోజుల్లో నర్సరీ నుంచి ఒక ఫైకస్ మొక్క తెచ్చుకున్నాను. మొదట కిటికీ దగ్గర, తర్వాత మూలన, ఆ తర్వాత వరండాలో పెట్టాను. పదిహేను రోజుల్లో సగం ఆకులు రాలాయి. నీళ్లు చాలడం లేదనుకుని రెండు పూటలా పోశాను. వేర్లు కుళ్లి మొక్క చచ్చిపోయింది. నేను చేసిన తప్పు మీరు చేయకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఏమిటీ మొక్క?

దీని శాస్త్రీయ నామం ఫైకస్ బెంజమినా. 1767లో లిన్నేయస్ ఈ పేరు పెట్టాడు. కొమ్మలు కిందికి వాలి ఉంటాయి కాబట్టి ఇంగ్లీషులో 'వీపింగ్ ఫిగ్', అంటే ఏడ్చే అత్తి అంటారు. మన మర్రి, రావి, మేడి దీనికి చుట్టాలే.

ఆకులు ఎందుకు రాలుతాయి?

ఎండలో పుట్టిన ఆకు నీడకు పనికిరాదు. చోటు మారి వెలుతురు తగ్గితే మొక్క పాత ఆకులను వదిలేసి, కొత్త చోటుకు సరిపోయే ఆకులు వేసుకుంటుంది. ఇందుకు కొన్ని వారాలు పడుతుంది. కొమ్మను గోటితో కొద్దిగా గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. అప్పుడు కుండీని కదపకండి, నీళ్లు ఎక్కువ పోయకండి, ఎరువు వేయకండి.

పెంచే విధానం

వంటగదిలో ఖాళీ అయిన నూనె డబ్బా చాలు. అడుగున నాలుగైదు రంధ్రాలు చేయండి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపండి. వెలుతురు బాగా వచ్చి, మధ్యాహ్నం ఎండ తగలని వరండా మంచిది. వేలు పెట్టి చూసి, పైమట్టి అంగుళం లోతు ఆరితేనే నీళ్లు పోయాలి. ఆకుల కింద తెల్లటి పిండినల్లి కనిపిస్తే తడిగుడ్డతో తుడవాలి.

వానాకాలంలో జానెడు కొమ్మ కోసి, కింది ఆకులు తీసి, కారే పాలు కడిగి నాటితే కొత్త మొక్క వస్తుంది. ఆ పాలు కొందరికి దురద పుట్టిస్తాయి. చేతులు కడుక్కోవాలి, కంట్లో పడనీయకూడదు. గోడ పక్కన నేలలో మాత్రం నాటవద్దు. మర్రి జాతి కదా, వేర్లు పునాదిని పగలగొడతాయి.

ఇది గాలిని శుభ్రం చేస్తుందని చాలామంది చెబుతారు. 1989లో నాసా చేసిన పరీక్ష మూసిన గదిపెట్టెలో జరిగింది. మనం ఉండే గదికి నాలుగు కుండీల కంటే తెరిచిన కిటికీయే మేలు.

వేసవి సెలవులు

హాస్టల్ మొక్కలకు అసలు గండం ఇదే. అందరం ఊళ్లకు పోతే నీళ్లు పోసేవారుండరు. సెలవులకు ముందే ఒక్కో మొక్కను దగ్గరి ఊరి విద్యార్థి ఒక్కొక్కరికి అప్పగించండి. జూన్‌లో తిరిగి తెచ్చాక మళ్లీ కొన్ని ఆకులు రాలుతాయి. భయపడకండి.

అదే జూన్‌లో కొత్తగా చేరే తమ్ముళ్లు కూడా ఇంటి మీద బెంగతో ఏడుస్తారు, అన్నం సరిగా తినరు. మనమూ అలా ఏడ్చినవాళ్లమే. వాళ్లకు ఒక చోటు చూపించండి, కొంత సమయం ఇవ్వండి. కుదురుకుంటారు.