గవ్వకు ఆ మెరుపు ఎక్కడిది?

అష్టాచమ్మా ఆడే గవ్వను ఎవరూ మెరుగు పెట్టరు. ఆ నునుపంతా లోపల బతికిన నత్త పెట్టుకున్నదే. అదే సముద్రంలో మిగతా నత్తగుల్లలు చాలావరకు గరుకుగా, నాచు పట్టి ఉంటాయి. ఎందుకీ తేడా?

నత్తకు మాంటిల్ అనే మెత్తటి కండపొర ఉంటుంది. గుల్లకు సున్నం పేర్చేది అదే. మామూలు నత్తలో ఆ పొర గుల్ల అంచు దాకానే వస్తుంది. ఒకసారి కట్టిన బయటి గోడ జోలికి మళ్ళీ పోదు. గవ్వనత్త అలా కాదు. మాంటిల్‌ను చీలికలోంచి రెండు రెక్కలుగా బయటికి చాచి, రెండు వైపుల నుంచీ పాకించి వీపంతా కప్పేస్తుంది. కప్పుకుని, పైనుంచే పూత మీద పూత వేస్తుంది. ఇక నాచుకు పట్టు ఎక్కడ దొరుకుతుంది? కొన్ని గవ్వల వీపున పొడవునా సన్నటి గీత కనిపిస్తుంది. రెండు రెక్కలూ కలుసుకునే చోటు అది.

మరి నత్తగుల్లకు ఉండాల్సిన చుట్ట ఏది? ఉంది, కనబడదంతే. పిల్ల గవ్వను చూస్తే గవ్వ అని పోల్చుకోలేం: గుల్ల పల్చన, మూతి వెడల్పు, కొసన చిన్న చుట్ట. ఈడొచ్చాక బయటి పెదవి లోపలికి ముడుచుకుని మూతి చీలికవుతుంది, అంచుల్లో పళ్ళు వస్తాయి, చుట్ట పూత కింద పూడిపోతుంది. అక్కడితో పొడుగు ఆగిపోతుంది, ఆపైన మందం పెరగడమే. కాబట్టి చిన్న గవ్వ పిల్లదనీ, పెద్దది ముసలిదనీ అనుకోవడానికి లేదు. ఆ పళ్ళు కొరకడానికి కూడా కాదు. ఎదిగిన గవ్వనత్తకు గుల్ల మూసుకునే మూత ఉండదు. పీతలాంటివి చొరబడకుండా ఆ ఇరుకే కాపలా.

గవ్వ తొందరగా అరగదు, తుప్పు పట్టదు, దొంగ సరుకు చేయడం కష్టం. డబ్బుగా చలామణీ అయ్యిందంటే వింతేముంది! మాల్దీవుల గవ్వలు ఓడల్లో బెంగాల్‌కు వచ్చేవి, బదులుగా బియ్యం వెళ్ళేది. 14వ శతాబ్దిలో ఆ దీవుల్లో కాజీగా పనిచేసిన ఇబ్న్ బతూతా, గవ్వల్ని గుంటల్లో వేసి కండ కుళ్ళిపోయేదాకా ఉంచేవారని రాశాడు.

ఒడ్డున ఏరిన గవ్వ పాలిపోయి ఉండటానికి కారణం కూడా ఇదే: నత్త పోయాక పూత వేసే దిక్కు లేదు, ఎండా ఇసుకా తమ పని తాము చేస్తాయి. అంగట్లో తళతళలాడేవి చాలావరకు బతికుండగా పట్టినవే. పాలిపోయిన గవ్వకు నూనె రాస్తే కాసేపు మెరుస్తుంది గానీ, ఆ పాత నిగారింపు మాత్రం రాదు.