పాతకారులో మిస్సింగు

మా మామగారు కొనిన అంబాసిడరు కారు ఇప్పటికిని మా యింట నున్నది. ఉత్తరపాడాలో మొదలైన ఆ కారు తయారీ 2014లో నిలిచిపోయినను, మాబోటివారు కొందరు దానిని విడువలేకున్నారు. గత శ్రావణమాసమున నొకరాత్రి మా అత్తగారికి ఆయాసము హెచ్చినది. వానలోనే మండపేటనుండి రాజమహేంద్రవరము ఆసుపత్రికి బయలుదేరితిమి. ద్వారపూడి దాటగానే కారు కుదుపసాగినది. మావారు యాక్సిలరేటరు త్రొక్కినకొలది ఎవరో వెనుకకు లాగినట్లయ్యెను. అత్తగారు నా భుజముపై తల ఆనించి, "అమ్మాయీ, ఇంకెంత దూరమే?" అని అడుగుచుండగా నా ప్రాణము నాలో లేదు. ఎట్లో చేరితిమి, ఆమె కోలుకొనిరి.

తరువాత మెకానిక్కు ప్లగ్గులు నాలుగును మార్చి, కార్బురేటరు విప్పి కడిగి, సొమ్ము పుచ్చుకొని పోయెను. ఎండ కాసినన్నినాళ్లు కారు చక్కగా నడచెను. వాన పడగానే కథ మొదటికి వచ్చెను. తడినాడు వచ్చి పొడినాడు పోవు జబ్బునకు మూలము వేరొకచోట నుండవలెనని నాకప్పుడు తోచినది.

సోదరీమణులారా! పెట్రోలు ఇంజనులో ప్లగ్గు రవ్వ విసరిననే పెట్రోలు మండును. బ్యాటరీలోని 12 వోల్టుల విద్యుత్తును కాయిలు 20,000 వోల్టులవరకు పెంచి డిస్ట్రిబ్యూటరునకు పంపును. అది పంక్తిలో వడ్డించినట్లు 1, 3, 4, 2 అను వరుసలో ఒక్కొక్క ప్లగ్గునకు అందించును. ఆ విద్యుత్తును మోసికొనిపోవునవే ప్లగ్గు వైర్లు. వీని పైతొడుగు వేడికిని నూనెకును ఏండ్లతరబడి ఓర్చి ఓర్చి బీటలు వారును. ఎలుకలు కొరుకుటయు కలదు. ఆ బీటలో తేమ చేరెనా, విద్యుత్తు ప్లగ్గువరకు పోక ప్రక్కనున్న ఇనుమునకు దుమికిపోవును. ఆ సిలిండరులోని పెట్రోలు మండక వ్యర్థమగును. మెకానిక్కులు మిస్సింగనునది ఇదియే. (డీజిలు కారులకు ఈ వైర్లే లేవు. నేటి పెట్రోలు కారులలో పెక్కింటికి ప్లగ్గు ప్లగ్గునకు వేరువేరు కాయిలుండును.)

ఒకనాటి రాత్రి కారును ఆరుబయట నిలిపించి, చేతిబ్రేకు వేయించి, గేరు తీయించి, దీపములన్నియు ఆర్పించితిని. కొంగు నడుమునకు బిగించి, జడ ముడిచికొంటిని. ఫ్యాను తిరుగుచున్నచోట ఇది మరువరాదు. మావారు ఇంజను నడుపుచుండగా బానెట్టు ఎత్తి దూరమునుండి చూచితిని. ఏమియు కానరాలేదు. ఇస్త్రీబట్టలపై నీళ్లు చల్లు సీసాతో వైర్లపై మంచువలె కొంచెము చల్లితిని. చల్లినంతనే మూడవ వైరు నడుమ నీలిరంగు రవ్వలు చిటచిటలాడెను! ఇంజనుకూడ అప్పుడే కుదుపసాగెను. ఈ పరీక్ష చేయునపుడు వైరును గాని ఇంజనును గాని చేతితో ముట్టరాదు. పెట్రోలు వాసన వచ్చుచున్నచో అసలే చేయరాదు. గుండెకు పేస్‌మేకరు అమర్చుకొన్నవారు దగ్గరకే పోరాదు.

రవ్వలు కనబడకున్నను వైరు మంచిదని చెప్పుటకు వీలులేదు. రేడియోలో గరగర రాకుండుటకై పలువైర్లలో రాగికి బదులు కర్బనము పట్టించిన దారము పెట్టుదురు. అది పైకి తెలియకుండ లోపల తెగును. ఇంజను ఆపి, వైరు విప్పి, రెండుకొనలకును ఓముల మీటరు పెట్టవలెను. పొడుగైన వైరు ఎక్కువ చూపుట సహజమే. ఒకే తీరు వైర్లలో ఒక్కటి మాత్రము మిక్కిలి హెచ్చుగా చూపినను, ముల్లు కదలకున్నను అది చెడినట్లే. మీటరు లేనివారు అనుమానపు వైరును వేరొక సిలిండరు వైరు స్థానమున అమర్చి, దానిని దీని స్థానమున పెట్టి చూడవచ్చును. రోగము వైరు వెంట పోయెనా, దోషము వైరుదే. పోకున్నచో ప్లగ్గునో, డిస్ట్రిబ్యూటరు మూతలోని పగులునో వెదుకవలెను.

వైరును పట్టి లాగరాదు. కొననున్న రబ్బరు టోపీని మెలిపెట్టి తీయవలెను. నాలుగింటిని ఒక్కసారి ఊడదీసి, వరుస తప్పి, బండి కదలక అవస్థపడినవారిని నేనెరుగుదును. ఒకటి తీసి, దాని స్థానమున క్రొత్తది పెట్టిన తరువాతనే రెండవదాని జోలికి పోవలెను.

కాయిలు వైరుతో కలిపి అయిదింటిని మార్చితిమి. మొన్న జోరువానలో అత్తగారిని వైద్యునికి చూపుటకై అదే త్రోవను తీసికొనిపోయితిమి. ద్వారపూడి దాటగానే ఆమె నా చేయి గట్టిగా పట్టుకొనిరి. కొంతదూరము పోయిన తరువాత వదలి, "కుదుపుట లేదేమే?" అనిరి.