పాతబండికి క్రొత్త పోషణము

క్రొత్త వాహనము కొనుటకు తగిన ధనము లేని సంసారులు పలువురు నేడు ఒకరు వాడిన దానిని కొనుచున్నారు. అందును నల్లరేగడి పొలములు, ఇసుకవాగులు గల గ్రామములవారు నాలుగు చక్రములకును ఇంజను బలము నందించు ట్రక్కును కోరుదురు. కర్ణుని రథమునకు వచ్చిన యాపద తమ బండికి రాకూడదని వారి యాశ. మా యింటను నిరుడు చీటీసొమ్ముతో నట్టి పాతబండి నొకదానిని కొంటిమి. దానిని నిలుపుకొనుటకై మేము తెలిసికొన్న సంగతులను సోదరీమణులకు మనవి చేయుచున్నాము.

"ఇది పురుషుల పని గదా, మనకేల?" అని కొందఱనవచ్చును. ఆ బండిలో బడికిని, ఆసుపత్రికిని పోవువారు మన బిడ్డలే. అది చెడినచో ఖర్చగునది మనము కూడబెట్టిన సొమ్మే. మనచేతులతో మరమ్మతు చేయనక్కఱలేదు. ఏమి చేయింపవలెనో, ఎప్పుడు చేయింపవలెనో యెఱిగియున్న చాలును.

"మొన్ననే నూనె మార్పించితిమి" అని అమ్మువారు చెప్పుట కలదు. అది సత్యము కావచ్చును. అయినను రసీదు కనబడనిచో ఏమియు మార్పనట్లే యెంచుట క్షేమకరము. ఈ బండిలో నూనెయుండు తావులు ఐదు: ఇంజను, గేరుపెట్టె, బలమును ముందువెనుకలకు పంచియిచ్చు ట్రాన్స్‌ఫరు కేసు, ముందు ఇరుసు డిఫరెన్షియలు, వెనుక ఇరుసు డిఫరెన్షియలు. ఇంజను నూనెను అందఱును తలతురు. ట్రాన్స్‌ఫరు కేసును, ముందు ఇరుసును మఱచువారు పెక్కుమంది. కొన్న వారములోనే యైదింటను క్రొత్త నూనె పోయింపవలెను. ఎచట నే రకము, ఎంత పోయవలెనో బండితోడి పుస్తకమున నుండును. అది లేనిచో ముందుగా సంపాదింపవలెను.

ఇచట నొక జాగ్రత్త కలదు. నూనె దింపు బోల్టును విప్పుటకు ముందే, నూనె పోయు బోల్టు వదులగుచున్నదో లేదో చూడుమని మెకానిక్కుతో చెప్పవలెను. పాతబండ్లలో నది త్రుప్పుపట్టి బిగిసియుండవచ్చును. ఉన్న నూనె దిగిపోయి, పోయు దారి తెఱచుకొననిచో బండిని కదల్ప వీలుకాదు. దిగిన నూనెను స్వయముగా చూడుడు. పాలుపోసిన కాఫీవలె నున్నచో లోనికి నీరు చేరినదని గుర్తు. గేరు నూనెలో సన్నని బూడిదవంటి లోహపుపొడి సహజము. ఇనుపముక్కలు కనబడినచో లోపల పరీక్ష చేయింపవలెను. మా బండి ముందు ఇరుసునుండి దిగిన నూనె కాఫీవలెనే యుండెను. సీళ్లు మార్పించుటతో బాగుపడినది. చూడక నడపియున్నచో గేర్లకే ముప్పు వచ్చియుండెడిది.

నీరు చేరుటకు మఱియొక కారణమును గలదు. ఇరుసుపై గాలి పీల్చి విడుచు చిన్న గొట్టముండును. అది మట్టితో పూడినచో, వేడెక్కిన యిరుసు వాగునీట మునిగి చల్లబడునపుడు సీళ్లగుండ నీటిని పీల్చుకొనును. కావున వానకాలమునకు ముందే దానిని శుభ్రము చేయింపవలెను. లోతైన వాగు దాటివచ్చిన పిదప ఇరుసు నూనెను చూపించి, ప్రొపెల్లరు షాఫ్టు కీళ్లకు గ్రీజు పెట్టింపవలెను.

ఇట్టి బండ్లలో పెక్కింటికి నాలుగుచక్రముల బలమును ఎండిన తారురోడ్డుపై వాడరాదు. మలుపున ముందుచక్రములు వెనుకవానికంటె ఎక్కువ దూరము నడచును. బురదలో చక్రము కొంత జాఱి యా భేదము తీఱును. గట్టినేలపై తీఱక గేర్లమీద ఒత్తిడి పడును. అట్లని యెన్నడును వాడకున్నను లివరు బిగిసిపోవచ్చును. నెలకొకమాఱు మట్టిత్రోవను కొన్ని కిలోమీటర్లు వాడుట మేలు. టైర్లు నాలుగును ఒకే కొలతవై, ఇంచుమించు ఒకే తీరున అరిగియుండవలెను. టైరుప్రక్కన అచ్చువేసిన నాలుగంకెలు దాని వయస్సును దెలుపును: 2319 అనగా 2019వ సంవత్సరము 23వ వారమున తయారైనది.

బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొనును. తేమ చేరిన నూనె ఘాటు దిగునపుడు వేడికి మరగి బ్రేకు పట్టకపోవచ్చును. రెండేండ్ల కొకసారి మార్చుట మంచిది. ఇంజనులో రబ్బరు టైమింగు బెల్టు ఉన్నచో, దాని వయస్సు తెలియనప్పుడు మార్పించుటయే మేలు. అది తెగినచో పెక్కు ఇంజనులలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోవును.

బిడ్డలున్న యిండ్ల కొకమాట. రేడియేటరులో పోయు కూలెంటు సామాన్యముగా ఇథిలీను గ్లైకాలుతో చేయబడును. అది తియ్యని విషము. ఆ డబ్బాను బిడ్డలకును, కుక్కలకును అందనిచోట నుంచవలెను. ఇంజను వేడిగా నున్నపుడు రేడియేటరు మూత తీయరాదు. జాకీమీద మాత్రమే నిలిచిన బండిక్రిందికి ఎవరిని దూరనీయరాదు. వాడిన నూనెను బావిగట్టునగాని కాలువలోగాని పోయక, డబ్బాలో మూతబిగించి పాతనూనె కొనువారికి పంపవలెను.

వీనినన్నిటిని జ్ఞాపకముంచుకొనుట దుర్ఘటము గనుక ఒక నోటుపుస్తకము పెట్టుడు. తేది, అప్పటికి నడచిన కిలోమీటర్లు, మార్చిన వస్తువు, అయిన ఖర్చు అను నాలుగు గళ్లు చాలును. రసీదులను అందులోనే అంటింపవలెను. మా పుస్తకము వంటయింటి యలమరలో పాలలెక్క ప్రక్కనే యున్నది. మెకానిక్కు వచ్చినపుడు మొదట నడుగునది దానినే.