రికార్డుల మోజు – జన్మ సార్థకత



మానవజన్మ దుర్లభమని పెద్దలు చెప్పుదురు. లభించిన ఆయువును దేనికి వెచ్చించుచున్నామో మనము విచారించుకొనవలసియున్నది.

పూణే వాసియైన శ్రీ శ్రీధర్ చిల్లాల్ గారు బాల్యమున, 1952లో, పొరపాటున ఒక ఉపాధ్యాయుని పొడవైన గోరు విరుగగొట్టి చీవాట్లు తినిరి. ఆ పట్టుదలతో ఎడమచేతి గోళ్ళను 66 సంవత్సరములు పెంచి, 2018 జూలైలో న్యూయార్కులో తీయించుకొనిరి. అయిదు గోళ్ళ మొత్తము పొడవు 909.6 సెంటీమీటర్లు! గిన్నిస్ గ్రంథమున పేరు చేరినది. గోళ్ళు ప్రదర్శనశాలకు చేరినవి. కాని ఆ చేతివ్రేళ్ళు చాచుటకు వీలులేక శాశ్వతముగా బిగిసిపోయినవి. వారిని హేళన చేయుట మన ఉద్దేశము కాదు. అంతటి నిష్ఠ మనలో ఎందరికి కలదు? నిష్ఠ గొప్పదే, లక్ష్యమే చిన్నది.

ఈ మోజు ఒక్కొక్కప్పుడు ఇతరులకును ఇక్కట్లు తెచ్చును. 1986 సెప్టెంబరు 27న అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున, సేవానిధి సేకరణకై, 14 లక్షలకు పైగా బుడగలను ఒక్కసారిగా విడిచిరి. వానగాలికి అవి క్రిందికి దిగి ఈరీ సరస్సుపై పరచుకొన్నవి. అచట చేపలవేటకు వెళ్ళి గల్లంతైన ఇద్దరిని వెదకుచున్న రక్షకులకు అవి అడ్డంకియైనవి. ఆ ఇద్దరును మరణించిరి.

మెప్పు కొరకు దంభముతో చేయు తపస్సు రాజసమనియు, అది నిలుకడలేనిదనియు గీత 17వ అధ్యాయము తెలుపుచున్నది. మూఢపట్టుదలతో తన్ను తాను పీడించుకొనుట తామసము. రికార్డు స్వభావమును ఇట్టిదే. రేపు మరియొకరు అంగుళము మించిన చాలు, నేటి ఘనత చెరిగిపోవును.

మరి రామకోటికి లెక్క లేదా అని కొందరు అడుగవచ్చును. కలదు. దినమునకు వేయి నామములు వ్రాసినను కోటికి 27 సంవత్సరములు దాటును. కాని ఆ లెక్క మనస్సు జారకుండ పట్టి ఉంచుటకే గాని ఎదుటివారిని మించుటకు కాదు. ఇద్దరు పూర్తిచేసినచో ఇద్దరును ధన్యులే. రికార్డులోనో, ఒకరు నెగ్గిన మరియొకరు ఓడవలసినదే.

అయినను, "నేనింత వ్రాసితిని" అని చాటుకొనిన క్షణమున రామకోటియు రికార్డే యగును. అతి పెద్ద లడ్డు, అతి పొడవైన పూలమాల అని దేవుని పేరిట పోటీపడునపుడు ఈ మాట మనకే వర్తించును. నైవేద్యము స్వామికా, మన పేరునకా?

కావున ఏ పని తలపెట్టినను, చూచువారు లేకున్న దీనిని చేయుదుమా అని ముందుగా మనలను మనము అడుగుకొందము. "చేయుదుము" అని మనస్సు పలికినచో, అదియే భగవదర్పణమునకు తగిన కార్యము.